గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ప్రెజర్ లెక్క: ఒక కేస్ స్టడీ

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని మే నెలలో ఫోన్ చేశారు. కంప్రెసర్లు రెండూ ఓవర్‌హాల్‌కి వచ్చాయేమో చూసి చెప్పమన్నారు. సీజన్ మధ్యలో కంప్రెసర్ విప్పడం ఆషామాషీ పని కాదు. ఫిబ్రవరి నుంచి యార్డుకి సరుకు వెల్లువెత్తుతుంది. అనుకున్న ధర రానిదంతా స్టోరేజీలకి చేరుతుంది. మే వచ్చేసరికి ఛాంబర్లు కప్పు దాకా టిక్కీలతో (మిర్చి బస్తాలతో) నిండి ఉంటాయి. బయట 44, 45 డిగ్రీల ఎండ. అలాంటప్పుడు ఒక కంప్రెసర్ ఆపితే మిగిలింది ఒక్కటే మొత్తం లోడు లాగాలి. విప్పే ముందు బయటివాళ్ల చేత ఒకసారి చూపించుకుందామని ఆయనకి అనిపించడం మంచిదైంది.

ఆయన చెప్పిన ఇబ్బందులు ఇవి. కిందటేడు ఒక కంప్రెసర్ నడుస్తుంటే రెండోది అప్పుడప్పుడూ అందుకునేది, ఈ ఏడు రెండూ పగలూ రాత్రీ ఆగట్లేదు. కరెంటు బిల్లు చూస్తే టెన్షన్. ఒక కంప్రెసర్ ‘ఆయిల్ ప్రెజర్ తక్కువ’ అని ట్రిప్ అవుతోంది. ఆయిల్ మార్చారు, ఫిల్టర్ మార్చారు, ఆయిల్ పంపు కూడా మార్చారు, అయినా అదే వరస. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య హై ప్రెజర్ ట్రిప్ వేరే ఉంది. కూలర్ల మీద మంచు ఎప్పటికన్నా మందంగా పడుతోంది. సరుకు చూసుకోవడానికి వచ్చిన రైతులు కాయ పట్టుకుంటే విరిగిపోతోందని, గలగలమంటోందని అంటున్నారు.

ఈ చివరి మాట నన్ను ఆపింది. కంప్రెసర్ అరిగిపోతే ఛాంబర్ చల్లబడదు. ఇక్కడ ఛాంబర్ 6 డిగ్రీల దగ్గర బాగానే ఉంది. చల్లదనం తగ్గకుండా సరుకులో తేమ మాత్రం పోతోందంటే, కూలర్ కాయిల్ ఉండాల్సిన దానికన్నా బాగా చల్లగా నడుస్తోందన్నమాట. గాలిలోని తేమంతా కాయిల్ మీద మంచై పేరుకుంటుంది, ఆ ఎండిపోయిన గాలి కాయలో ఉన్న తేమను లాగుతుంది. కాయిల్ చలి అందులో మరిగే అమోనియా సక్షన్ (కంప్రెసర్ లాగే వైపు) ప్రెజర్‌ను బట్టే ఉంటుంది. కాబట్టి ముందు చూడాల్సింది సక్షన్ ప్రెజర్.

ప్లాంటు సంగతి

మన వైపు మామూలుగా కనబడే అమోనియా ప్లాంటే. రెండు రెసిప్రొకేటింగ్ కంప్రెసర్లు, డాబా మీద నీళ్లు జారే అట్మాస్ఫరిక్ కండెన్సర్, కింద రిసీవర్, అక్యుములేటర్, ఛాంబర్లలో ఏర్ కూలర్లు. గతేడాది దాకా మొత్తం చేత్తో నడిచేది. ఆపరేటర్ గేజీ చూసి సిలిండర్లు లోడ్ చేసేవాడు (పనిలో పెట్టేవాడు), అన్‌లోడ్ చేసేవాడు. సీజన్ అయిపోయాక ఒక కాంట్రాక్టర్ చేత ఆటోమేషన్ ప్యానెల్ పెట్టించారు. సక్షన్‌కి, డిశ్చార్జ్‌కి (కంప్రెసర్ బయటికి తోసే వైపు), ఆయిల్‌కి ఒక్కో ప్రెజర్ ట్రాన్స్‌మిటర్. ఆ సంకేతం 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటుగా ప్యానెల్‌కి వస్తుంది. సక్షన్ సెట్ పాయింట్ కన్నా పైన ఉంటే ప్యానెల్ లోడ్ పెంచుతుంది, కిందికి వస్తే తగ్గిస్తుంది. సెట్ పాయింట్ 2.7 కేజీలు. ఇక్కడ కేజీ అంటే చదరపు సెంటీమీటరుకి ఒక కిలో బలం. ఇంజిన్ రూముల్లో దాన్ని అందరూ కేజీ అనే అంటారు, పీఎస్‌ఐని (చదరపు అంగుళానికి ఒక పౌండు బలం) పౌండ్లు అంటారు. ఈ రాతలోనూ అలాగే వాడతాను.

2.7 కేజీలు ఈ ప్లాంటుకి సరైన అంకే. గేజీ మీద 2.7 కేజీలంటే అమోనియా సుమారు మైనస్ 4 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 6 డిగ్రీల గదికి 10 డిగ్రీల తేడాతో కాయిల్. మిర్చికి ఇంతకన్నా చల్లటి కాయిల్ అక్కర్లేదు.

నేను వెళ్లేసరికి ప్యానెల్ తెర మీద సక్షన్ 2.70 చూపిస్తోంది. సెట్ పాయింట్ ఎంతో రీడింగ్ అంతే. కాంట్రాక్టర్ తరఫు కుర్రవాడు దాన్నే చూపించి, కంట్రోల్‌లో ఏ లోపమూ లేదన్నాడు. తెర వరకూ చూస్తే అతని మాట నిజమే.

పాత గేజీ

కంప్రెసర్ల దగ్గర గోడకి పాత గేజీ బోర్డు అలాగే ఉంది. ప్యానెల్ వచ్చాక దాన్ని పీకేద్దామనుకున్నారట, పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయన ఈ స్టోరేజీ కట్టిన నాటి నుంచి ఉన్న ఆపరేటర్.

“బాబాయ్, ఈ గేజీ సంగతేంటి?” అని అడిగాను.

“నలభై పౌండ్లకి కాస్త కింద ఉండాలి సార్ ముల్లు. ఇరవయ్యేళ్ల నుంచి అక్కడే ఉంచి నడిపాం. ఇప్పుడు చూడండి, పాతిక కూడా లేదు. గేజీ పోయింది, దాన్ని చూడకు అంటున్నారు వీళ్లు. పోతే డిశ్చార్జ్ గేజీ కూడా ఒకేసారి పోతుందా?”

ఆయన ప్రశ్న చాలా పదునైనది. ఆ గేజీని దగ్గరగా చూశాను. అద్దం మీద నూనె జిడ్డు తుడిస్తే మూడు వలయాలు బయటపడ్డాయి. బయటి వలయం పౌండ్లు, లోపలిది కేజీలు, ఇంకా లోపల ఎర్ర అంకెలతో సెంటీగ్రేడ్ డిగ్రీలు. అమోనియా గేజీల్లో ఈ ఎర్ర వలయం ఉంటుంది. ఆ ప్రెజర్ దగ్గర అమోనియా ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో అది నేరుగా చెబుతుంది. ముల్లు 24.6 పౌండ్ల దగ్గర నిలిచింది. కేజీల వలయంలో అది 1.73. ఎర్ర అంకెల్లో మైనస్ 12 దగ్గర. సున్నాకి ఎడమ వైపు మాత్రం పౌండ్లు లేవు, పాదరసపు అంగుళాలు ఉన్నాయి. ఒకే ముల్లు సున్నా దాటగానే వేరే యూనిట్‌లోకి వెళ్తుందన్న సంగతి చాలామంది గమనించరు.

ప్యానెల్ 2.70 అంటోంది, గేజీ 1.73 అంటోంది. రెండింటిలో ఏది నిజం?

దీనికి మూడో సాక్షి అక్కడే ఉంది. అక్యుములేటర్‌లో ద్రవ అమోనియా, ఆవిరి కలిసి ఉంటాయి. అలా ఉన్న చోట ఉష్ణోగ్రతకి, ప్రెజర్‌కి మధ్య బంధం ప్రకృతి కట్టింది. ఎవరూ సెట్ చేయనక్కర్లేదు, చెరపలేరు కూడా. థర్మోవెల్‌లో (థర్మామీటర్ దించడానికి పెట్టిన గొట్టం) కొద్దిగా నూనె పోసి నా థర్మామీటర్ దించి కాసేపు ఆగాను. మైనస్ 12కి ఒక అర డిగ్రీ అటూ ఇటూగా నిలిచింది. అమోనియా పట్టికలో మైనస్ 12 డిగ్రీలకి 2.68 బార్ అబ్సల్యూట్ ఉంటుంది. బార్ దాదాపు కేజీ అంతే, అబ్సల్యూట్ అంటే శూన్యం నుంచి కొలిచింది. అందులోంచి బయటి గాలి ప్రెజర్ ఒక బార్ తీసేస్తే 1.68 బార్ గేజీ (బయటి గాలి నుంచి కొలిచింది), అంటే సుమారు 1.7 కేజీలు. పెద్దాయన గేజీ నిజం చెబుతోంది. కాయిల్ మైనస్ 4 దగ్గర నడవాల్సింది మైనస్ 12 దగ్గర నడుస్తోంది.

ఇక ఆ 2.70 ఎక్కడి నుంచి వచ్చిందో తేలాలి.

రెండు రీడింగులు ఎందుకు తీయాలి

కాంట్రాక్టర్ కుర్రవాడు ఒక మాటన్నాడు: “కేజీకి, బార్‌కి తేడా ఉంటుంది కదండీ, ఆ కన్వర్షన్ తేడానే అయ్యుంటుంది.” ఈ మాట ఇంజిన్ రూముల్లో తరచుగా వింటాను. ఒక కేజీ అంటే 0.9807 బార్. రెండింటికీ తేడా 2 శాతమే. 1.73కి, 2.70కి మధ్య తేడా 56 శాతం. బార్‌ని కేజీ అనుకున్నంత మాత్రాన ఇంత తేడా రాదు.

అసలు తిరకాసు ఏమిటంటే, ప్రెజర్ లెక్కల్లో ‘ఒకటి’ దగ్గర మూడు విలువలు గుంపుగా ఉన్నాయి. ఒక కేజీ 98.07 కిలోపాస్కల్స్, ఒక బార్ 100, ప్రామాణిక వాతావరణ పీడనం 101.325. మూడూ ఇంత దగ్గరగా ఉండటంతో మనసులో ‘అన్నీ ఒకటే’ అని పడిపోతుంది. కానీ మొదటి రెండూ కొలతలు, వాటి మధ్య మారడం గుణకారం. మూడోది బయటి గాలి తోసే బలం, దాని లెక్క కూడిక, తీసివేత. సెంటీగ్రేడ్ నుంచి ఫారెన్‌హీట్‌కి వెళ్లేటప్పుడు గుణించడమూ, 32 కలపడమూ రెండూ ఉంటాయని బళ్లో నేర్చుకున్నాం. ప్రెజర్‌లోనూ అంతే, రెండూ రావచ్చు.

ఒకే చోట ఒకే రీడింగ్ తీస్తే తప్పు గుణకారంలో ఉందో కూడికలో ఉందో తెలియదు. 1.73ని 1.56తో గుణించినా 2.70 వస్తుంది, 0.97 కలిపినా 2.70 వస్తుంది. అందుకే ఎక్కడ ప్రెజర్ తగాదా వచ్చినా దూరదూరంగా ఉన్న రెండు చోట్ల రీడింగ్ తీయాలి. పెద్దాయన డిశ్చార్జ్ గేజీ సంగతి ఎత్తడం ఇందుకే కలిసొచ్చింది. అక్కడ గేజీలో 14.0 కేజీలు, ప్యానెల్‌లో 14.73.

ఇప్పుడు లెక్క చూడండి. గేజీ 1.73 నుంచి 14.0కి వెళ్లింది, అంటే 12.27 పెరిగింది. ప్యానెల్ 2.70 నుంచి 14.73కి వెళ్లింది, 12.03 పెరిగింది. 12.03ని 12.27తో భాగిస్తే 0.980. ఇది కేజీ నుంచి బార్‌కి మారే గుణకం. మిగిలింది కలిపే అంకె: 1.73ని 0.980తో గుణిస్తే 1.70, 2.70లోంచి అది తీసేస్తే సరిగ్గా 1.00. ఇది బయటి గాలి.

అంటే ప్యానెల్‌లో ఉన్న తప్పులు రెండు. ట్రాన్స్‌మిటర్ బార్లలో కొలుస్తుంటే తెర మీద కేజీ అని రాశారు. ఈ తప్పు చిన్నది. ట్రాన్స్‌మిటర్ శూన్యం నుంచి కొలుస్తుంటే, బయటి గాలి నుంచి కొలుస్తున్నట్టు చూపించారు. కొంపలు ముంచింది ఇది. సక్షన్, డిశ్చార్జ్ ట్రాన్స్‌మిటర్లు వేరువేరైనా రెండింటికీ ఒకే రకం మాడల్, ఒకే రకం తప్పు. కాబట్టి ఒకే గీత మీద పడ్డాయి.

కాగితం మీద తేలింది కదా అని ఆగలేదు. సక్షన్ ట్రాన్స్‌మిటర్‌కి ముందున్న వాల్వ్ మూసి, మాస్కు వేసుకుని, బ్లీడ్ దగ్గర గొట్టం పెట్టి బకెట్ నీళ్లలోకి అమోనియా వదిలాం. ఘాటు తగ్గాక గొట్టం తీసేశాం. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్‌కి తగులుతున్నది ఉత్త గాలి. గేజీ రకం ట్రాన్స్‌మిటర్ అయితే ఇక్కడ 4.00 మిల్లీఆంపియర్లు ఇవ్వాలి. మల్టీమీటర్‌లో 5.60 నిలిచింది. 0 నుంచి 10 బార్ల ట్రాన్స్‌మిటర్‌లో ఒక బార్‌కి 1.6 మిల్లీఆంపియర్లు వస్తాయి. 4కి 1.6 కలిస్తే 5.60. గాలిలో తెరిచి పెట్టిన గొట్టంలో ప్రెజర్ ఒక కేజీ అని తెర చెబుతోంది. పక్కనే నిలబడ్డ యజమానికి అప్పుడు సంగతి పూర్తిగా అర్థమైంది.

ఫోన్ టార్చ్ వేసి ట్రాన్స్‌మిటర్ ఒంటి మీద మంచు తుడిస్తే, క్లాంప్ కింద సగం దాక్కున్న ప్లేటు మీద సున్నా నుంచి పది బార్ అని, ఆ పక్కన ‘అబ్సల్యూట్’కి పొట్టిగా మూడక్షరాలు కనబడ్డాయి. కొన్న బిల్లులో మాత్రం 0–10 బార్ అని ఉంది. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

మరి ప్యానెల్ మొదట నడిపి చూసినప్పుడు, కమిషనింగ్‌లో దొరకలేదా అని యజమాని అడిగారు. చేసిన పరీక్ష కాగితం తెప్పించి చూశాను. ట్రాన్స్‌మిటర్ బదులు సిమ్యులేటర్‌తో 4 మిల్లీఆంపియర్లు ఇచ్చారు, తెర మీద 0 వచ్చింది. 20 ఇచ్చారు, 10 వచ్చింది. వైరింగ్ బాగుంది, కార్డు బాగుంది, పరీక్ష పాస్. కానీ అది కరెంటుని పరీక్షించడం, ప్రెజర్‌ని కాదు. ట్రాన్స్‌మిటర్‌ని గాలిలో తెరిచి ఒక్కసారి చూసి ఉంటే ఆ రోజే తేలేది. కొత్త ట్రాన్స్‌మిటర్ పైపుకి బిగించే ముందు బల్ల మీద ఉంచి రీడింగ్ చూడటం ఎంత సులువో, అంత ముఖ్యం. ఏ కాంట్రాక్టర్‌నూ దాన్ని తప్పించుకోనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

ఫిర్యాదులన్నిటికీ కారణం ఒక్కటే

రెండు కంప్రెసర్లూ ఆగకుండా నడవడానికి కారణం ఇప్పుడు తేలికే. నిజమైన సక్షన్ 2.7 కేజీలు ఉన్నప్పుడు ప్యానెల్ తెర మీద 3.65 కనబడుతుంది. ‘ఇంకా ఎక్కువుంది’ అనుకుని అది లోడ్ పెంచుతూనే పోతుంది. అలా లాగి లాగి 2.70 బార్ అబ్సల్యూట్‌కి దించి నిలబెడుతుంది. ప్రెజర్ తగ్గితే అమోనియా ఆవిరి పలచబడుతుంది. కంప్రెసర్ ఒక చుట్టుకి లాగే ఘనపరిమాణం మారదు కాబట్టి, ఆవిరి బరువు తగ్గిన మేరకి చల్లబరిచే శక్తీ తగ్గుతుంది. 3.65 నుంచి 2.70కి అంటే నాలుగో వంతుకి పైగా పోయినట్టే. రెండో కంప్రెసర్ నిద్రపోకపోవడానికి అదే కారణం. కరెంటు విషయంలో మా పనిలో ముతకగా వాడే లెక్క, కాయిల్ ఒక డిగ్రీ అనవసరంగా చల్లబడితే సుమారు 3 శాతం అదనపు ఖర్చు. ఇక్కడ 8 డిగ్రీలు.

ఆయిల్ ట్రిప్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రెసిప్రొకేటింగ్ కంప్రెసర్‌లో ఆయిల్ ప్రెజర్ ఒక్కదాన్నే చూడరు. ఆయిల్ పంపు ఇచ్చే ప్రెజర్‌లోంచి సక్షన్ ప్రెజర్ తీసేసి, ఆ తేడా చూస్తారు. ఎందుకంటే ఆయిల్ నిలిచే క్రాంక్‌కేసు సక్షన్ ప్రెజర్‌లోనే ఉంటుంది. ఇలా తీసేసేటప్పుడు రెండూ గేజీ అయినా ఫర్వాలేదు, రెండూ అబ్సల్యూట్ అయినా ఫర్వాలేదు. బయటి గాలి రెండు వైపులా కొట్టేసుకుపోతుంది. ఇక్కడ ఆయిల్ ట్రాన్స్‌మిటర్ మాత్రం గేజీ రకం పెట్టారు. నిజమైన ఆయిల్ ప్రెజర్ 4.25 కేజీలు, సక్షన్ 1.73, తేడా 2.52. ఇది ఆరోగ్యకరమైన అంకె. ప్యానెల్ చేసిన లెక్క: ఆయిల్ 4.17, అది బార్ గేజీ. సక్షన్ 2.70, అది బార్ అబ్సల్యూట్. తేడా 1.47. ట్రిప్ సెట్టింగ్ 1.5. ఆయిల్ బాగా వేడెక్కి పలచబడి ప్రెజర్ ఇక్కడికి దిగగానే కంప్రెసర్ ఆగిపోయేది. పంపు మార్చినందువల్ల ఒరిగిందేమీ లేకపోవడంలో ఆశ్చర్యం లేదు, పాత పంపులో లోపమే లేదు.

హై ప్రెజర్ ట్రిప్ 16 దగ్గర పెట్టారు. తెర 16 చూపించేటప్పుడు నిజంగా ఉన్నది 15.3 కేజీలు. అంటే అనుకున్న దానికన్నా ముందే ఆగుతోంది. ఇది ప్రమాదం లేని వైపు తప్పు. అయితే ఈ ఒక్క ఫిర్యాదులో మాత్రం ప్యానెల్‌కి తోడుదొంగ ఉంది. కండెన్సర్ పైపుల మీద ఉప్పునీటి పొర గట్టిగా పేరుకుంది, మధ్యాహ్నం నీళ్లు సమంగా జారట్లేదు. 14 కేజీల డిశ్చార్జ్ అంటే కండెన్సింగ్ 38 డిగ్రీలు. గుంటూరు మే నెల అని సర్దుకున్నా అది కొంచెం ఎక్కువే. దాన్ని గీకి శుభ్రం చేయమని వేరుగా రాసిచ్చాను.

నీళ్ల పంపు దగ్గర ఇంకో కొలత ఎదురైంది. పంపు ప్లేటు మీద హెడ్ 20 మీటర్లు అని ఉంది, పక్కన గేజీ పౌండ్లలో ఉంది. పది మీటర్ల నీటి నిలువు ఒక కేజీ. 20 మీటర్లంటే 2 కేజీలు, సుమారు 28 పౌండ్లు. గేజీ దాదాపు అంతే చూపిస్తోంది, పంపు బాగానే ఉంది.

ఒకే ఇంజిన్ రూములో ఇన్ని యూనిట్లు ఎందుకున్నాయి

పౌండ్లు ఇంగ్లీషు యంత్రాలతో వచ్చాయి. 1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చాక కేజీల గేజీలు వచ్చాయి. కేజీ అంటే కిలో బరువు భూమిని నొక్కే బలం, దానికి వాడే 9.80665 అనే అంకెను 1901లోనే అంతర్జాతీయంగా స్థిరపరిచారు. 0.980665 అనే గుణకం అక్కడిదే. 1971లో తూనికలు కొలతల సార్వత్రిక సమావేశం ప్రెజర్ యూనిట్‌కి పాస్కల్ అనే పేరు ఖాయం చేసింది. పాస్కల్ చాలా చిన్నది, అందుకే కిలోపాస్కల్స్, మెగాపాస్కల్స్ వాడతారు. ఇప్పుడు దిగుమతి అవుతున్న గేజీల మీద ఎంపీఏ అని ఉండేది మెగాపాస్కలే, ఒకటికి పది బార్లు. మన 2.7 కేజీలు ఆ గేజీలో 0.26 చూపిస్తుంది. అది చూసి ఆపరేటర్ కంగారు పడటం సహజం.

నేను యూనిట్ నుంచి యూనిట్‌కి నేరుగా దూకను. అన్నిటినీ ముందు కిలోపాస్కల్స్‌లోకి తెస్తాను. పౌండుకి 6.895, కేజీకి 98.07, బార్‌కి 100, పాదరసపు అంగుళానికి 3.386, మిల్లీమీటరుకి 0.1333, నీటి మీటరుకి 9.807. గాలిని కలపాలన్నా తీసేయాలన్నా ఆ పని కిలోపాస్కల్స్‌లో ఉండగానే చేస్తాను, తర్వాత కావాల్సిన యూనిట్‌లోకి వెళ్తాను. ఉదాహరణకి పెద్దాయన చెప్పిన 40 పౌండ్లు: 40ని 6.895తో గుణిస్తే 275.8. దానికి గాలి 100 కలిపితే 375.8 అబ్సల్యూట్, అంటే 3.76 బార్లు. పట్టికలో అది మైనస్ మూడున్నర డిగ్రీలు. నలభైకి కాస్త కింద అని ఆయన అన్నది 2.7 కేజీల సెట్ పాయింట్‌తో అతికినట్టు సరిపోతుంది. 2.7 కేజీలంటే 38.4 పౌండ్లు.

వాక్యూమ్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ‘20 అంగుళాల వాక్యూమ్’ అంటే బయటి గాలి కన్నా 20 అంగుళాలు కిందకి అని. 20ని 3.386తో గుణిస్తే 67.7. వందలోంచి తీసేస్తే 32.3 కిలోపాస్కల్స్ అబ్సల్యూట్ మిగులుతుంది. అంగుళాలు పెరిగే కొద్దీ అసలు ప్రెజర్ తగ్గుతుంది. లాగ్ బుక్కులో ‘20 అంగుళాలు’ అని మాత్రమే రాసి వదిలేస్తే, అది ఎటు నుంచి కొలిచిందో నెల తర్వాత చదివినవాడికి తెలియదు.

గాలికి 101.325 కాకుండా 100 వాడటానికి కారణం ఉంది. వేసవిలో మన కోస్తాలో గాలి ప్రెజర్ ప్రామాణిక విలువ కన్నా కొంచెం తక్కువగా ఉంటుంది, గుంటూరు సముద్ర మట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తున ఉంది. రెండూ కలిపి చూస్తే మేలో 100 దగ్గరే ఉంటుంది, మల్టీమీటర్‌లో 5.60 కూడా అదే చెప్పింది. రోజురోజుకీ వచ్చే మార్పు అమోనియా పనికి లెక్కలోకి రాదు. కానీ ఇదే లెక్క హైదరాబాద్‌లో చేస్తే గాలికి 95 దగ్గర తీసుకోవాలి.

ఇబ్రహీంపట్నం థర్మల్‌లో పనిచేసిన ఒక మిత్రుడితో ఈ కేసు గురించి మాట్లాడితే, వాళ్ల టర్బైన్ లెక్కల్లో అబ్సల్యూట్ కేజీని ‘ఆటా’ అని వేరే పేరుతోనే పిలుస్తారని చెప్పాడు. కండెన్సర్ వాక్యూమ్‌తో రోజూ పని కాబట్టి వాళ్లకి ఈ తేడా ఒంటబట్టి ఉంటుంది. కోల్డ్ స్టోరేజీల్లో అలాంటి అలవాటు లేదు, ఉండాలి.

సరిచేసిన తీరు

కొత్త సామాను ఏదీ కొనలేదు. ట్రాన్స్‌మిటర్లు బాగానే ఉన్నాయి, అవి చెప్పేది ప్యానెల్‌కి సరిగ్గా నేర్పితే చాలు. సక్షన్‌కి 4 మిల్లీఆంపియర్లంటే శూన్యం, అంటే గేజీ లెక్కలో మైనస్ ఒక బార్, కేజీల్లో మైనస్ 1.02. 20 మిల్లీఆంపియర్లంటే 10 బార్ అబ్సల్యూట్, గాలి తీసేస్తే 9 బార్లు, కేజీల్లో 9.18. ప్యానెల్‌లో 0, 10 ఉన్నచోట ఈ రెండు అంకెలూ వేశాం. డిశ్చార్జ్ ట్రాన్స్‌మిటర్ 0 నుంచి 25 బార్లది, దానికి మైనస్ 1.02, 24.47. ఆయిల్ ట్రాన్స్‌మిటర్ గేజీ రకం, కాబట్టి సున్నా సున్నాగానే ఉంచి పైన 10.20 వేశాం. తర్వాత మళ్లీ గాలిలో తెరిచి సున్నా, నడుస్తుండగా పాత గేజీతో పోల్చి పై విలువ, రెండూ చూశాం.

అంకెలు మార్చేటప్పుడు కంప్రెసర్లు చేతి నియంత్రణలో ఉంచాం. ఇది మరిచిపోకూడదు. స్కేలింగ్ మార్చిన క్షణంలో తెర 2.70 నుంచి ఒక్కసారిగా 1.73కి దూకుతుంది. ఆటోలో ఉంటే ప్యానెల్ హఠాత్తుగా సిలిండర్లన్నీ వదిలేస్తుంది. సక్షన్‌ని మెల్లగా పైకి రానిచ్చి, 2.7 దగ్గర స్థిరపడ్డాక ఆటోకి ఇచ్చాం.

హై ప్రెజర్ ట్రిప్‌ని కూడా మర్చిపోలేదు. స్కేలింగ్ సరి చేశాక 16 అంటే నిజంగా 16 అవుతుంది, అంటే ఇంతకు ముందు ఆగే చోటు కన్నా 0.7 పైకి వెళ్తుంది. రిసీవర్ సేఫ్టీ వాల్వ్ ప్లేటు మీద 250 పౌండ్లు ఉంది. కేజీల్లో 17.6. రెండింటి మధ్యా చాలినంత ఎడం ఉందని చూసుకున్నాకే 16ని అలాగే ఉంచాం. ప్యానెల్‌తో సంబంధం లేని మెకానికల్ కటౌట్‌ని కూడా విడిగా పరీక్షించి సెట్ చేశాం. రక్షణ కోసం పెట్టినవాటిలో ఒక్కటైనా ప్యానెల్ అంకెల మీద ఆధారపడకుండా ఉండాలి.

మర్నాటి నుంచే రెండో కంప్రెసర్ రాత్రిళ్లు ఆగడం మొదలైంది. ఆయిల్ ట్రిప్ మళ్లీ రాలేదు. కూలర్ల మీద మంచు పలచబడి, డీఫ్రాస్ట్‌ల మధ్య ఎడం పెరిగింది. పోయిన తేమ కాయకి తిరిగి రాదు, ఇకపై పోవడం మాత్రం తగ్గుతుందని యజమానికి చెప్పాను. కండెన్సర్ శుభ్రం చేశాక డిశ్చార్జ్ కూడా దాదాపు ఒక కేజీ తగ్గింది. ఓవర్‌హాల్ సీజన్ అయ్యాక చూసుకోవచ్చని రాసిచ్చాను.

యజమాని పౌండ్లు, కేజీలు తీసేసి అంతా బార్లలో పెట్టిద్దామన్నారు. నేను వద్దన్నాను. పెద్దాయన కళ్లకి నలభై పౌండ్లు అలవాటు. ఆయన అలవాటే ఈ తప్పును పట్టిచ్చింది. తెర మీద కేజీలు పెద్దగా, పక్కనే పౌండ్లు చిన్నగా, కింద అమోనియా డిగ్రీలు వచ్చేలా పెట్టించాం. ప్రతి అంకె పక్కన గేజీయా, అబ్సల్యూటా అన్నది కూడా రాయించాం. లాగ్ బుక్కులో సక్షన్ గడి పక్కన పాత గేజీ రీడింగ్‌కి ఇంకో గడి గీయించాం. షిఫ్టుకి ఒకసారి రెండూ రాయాలి, పది పౌండ్ల తేడా కనబడితే ఫోన్ చేయాలి.

అదే కాంట్రాక్టర్ చిలకలూరిపేట రోడ్డులో ఇంకో స్టోరేజీకి ఇదే ప్యానెల్ పెట్టాడని తెలిసి అక్కడా చూశాం. ట్రాన్స్‌మిటర్ గాలిలో తెరిస్తే సరిగ్గా 4.00 వచ్చింది, గేజీ రకమే. కలిపే తప్పు లేదు. గుణించే తప్పు మాత్రం ఉంది, బార్‌నే కేజీ అని రాశారు. సక్షన్ దగ్గర దాని వల్ల తెర మీద 2.70 అంటే నిజంగా 2.75, కాయిల్‌లో అర డిగ్రీ తేడా కూడా రాదు. డిశ్చార్జ్ ట్రిప్ దగ్గర మాత్రం తెర మీద 16 అంటే నిజంగా 16.3, అనుకున్న దానికన్నా ఆలస్యంగా ఆగుతుంది. అక్కడ పై అంకె ఒక్కటి మార్పించి, ట్రిప్‌ని మళ్లీ పరీక్షించి వచ్చాం.